ఆపరేషన్‌కు తేదీ పెట్టుకున్నారా? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లకు ఇన్సూరెన్స్, బిల్లుల లెక్క

"ఇన్సూరెన్స్ ఉంది కదా, మరి చేతి నుంచి అరవై వేలు ఎందుకు పడ్డాయి?"

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం నుంచి ఆపరేషన్ కోసం శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్లొచ్చినవాళ్ల ఇళ్లలో ఈ ప్రశ్న వినిపిస్తూనే ఉంటుంది. ప్రమాదం జరిగి పరుగెత్తినప్పుడు కాగితాలు చూసుకునే తీరిక ఉండదు, అది వేరే సంగతి. మోకీలు మార్పిడి, కంటిశుక్లం, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు, గర్భసంచి, మొలలు లాంటివి మాత్రం ముందే తేదీ అనుకుని చేయించుకునేవి. వీటిలో చేతి నుంచి పడే డబ్బు చాలావరకు అడ్మిట్ కాకముందే ఖాయమైపోతుంది. ఏ ఆసుపత్రి, ఏ గది, ఏ కాగితం మీద ఎవరు ఏం రాశారు అన్న దగ్గరే తేలిపోతుంది. అందుకే ఇక్కడ అడ్మిషన్‌కు ముందు పనుల గురించే ఎక్కువ చెబుతున్నాను.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- పాలసీ పూర్తి కాపీ. జేబులో పెట్టుకునే కార్డు చాలదు. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ఒక్క పేజీ కూడా చాలదు. షరతులన్నీ ఉన్న మొత్తం పీడీఎఫ్ కావాలి. లేకపోతే కంపెనీకి ఈమెయిల్ చేసి తెప్పించుకోండి.
- రోగి ఆధార్, పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్ల ఆధార్, పాన్, క్యాన్సిల్ చేసిన చెక్కు.
- ఇప్పటిదాకా చూపించుకున్న డాక్టర్ల చీటీలు, స్కానింగ్ రిపోర్టులు, వాటి బిల్లులు.
- రేషన్ కార్డు, ఆయుష్మాన్ కార్డు ఉంటే అవి.
- ఆధార్‌కు లింకైన నంబరున్న ఫోను. ఆ ఫోను ఏ హైదరాబాద్‌లోనో కొడుకు దగ్గర ఉండిపోతే ఓటీపీ కోసం కౌంటర్ దగ్గర పడిగాపులు తప్పవు.
- ఒక నోటు పుస్తకం. ఎవరితో, ఏ రోజు, ఎన్ని గంటలకు మాట్లాడారో రాసుకోవడానికి.

పేర్ల సంగతి ఇక్కడే చూసుకోండి. ఒడిశాలో తీసుకున్న కార్డుల్లో మన వెంకటరావు బెంకటరావు అయిపోతాడు, ముందుండే ఇంటిపేరు వెనక్కి పోతుంది. పాలసీలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, ఆసుపత్రి ఫైల్లో మూడో పేరు ఉంటే క్లెయిమ్ అక్కడే ఆగుతుంది. ఆధార్‌లో ఎలా ఉందో అలాగే పాలసీలో మార్పించుకోండి. కంపెనీకి ఈమెయిల్ చేసి, ఆధార్ కాపీ జత చేస్తే మామూలుగా పని అవుతుంది. ఆసుపత్రిలో పేరు నమోదు చేయించేటప్పుడు నోటితో చెప్పకండి, ఆధార్ కార్డు చేతికివ్వండి.

1. ఏ కార్డు ఏ ఊళ్లో చెల్లుతుందో తేల్చుకోండి

మన వైపు ఎక్కువగా జరిగే పొరపాటు ఇది. "ఆంధ్రా ఆసుపత్రి కదా, ఆరోగ్యశ్రీలో అయిపోతుంది" అనుకుని బయలుదేరతారు. అక్కడి ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, ఆంధ్రప్రదేశ్ కుటుంబాలకు. పాతపట్నంలో ఉన్న మీ చెల్లెలికి వర్తిస్తుంది. నాలుగు అడుగులు ఇవతల పర్లాకిమిడిలో ఒడిశా రేషన్ కార్డుతో ఉన్న మీకు వర్తించదు. భాష ఒకటే, బంధుత్వం ఒకటే, కార్డు మాత్రం వేరు.

మీకు పనికొచ్చేది ఆయుష్మాన్ కార్డు. ఒడిశాలో 2018లో మొదలైన బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆ ఇంటి ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా, ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చెల్లుతుంది. పాత కార్డే చాలులే అని కూర్చోకండి, ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడటం) చేయించి ఆయుష్మాన్ కార్డు తీసుకోండి.

ఇంట్లో 70 ఏళ్లు నిండినవాళ్లుంటే ఆదాయంతో పని లేదు. 2024 అక్టోబరు నుంచి వాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ప్రైవేటు పాలసీ ఉన్నా ఇది తీసుకోవచ్చు. మోకాళ్లు, శుక్లాలు ఎక్కువగా ఆ వయసువాళ్లవే కాబట్టి ముందు ఇది చూడండి.

ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడు "ఆయుష్మాన్ ఉందా?" అని మాత్రమే అడిగితే "ఉంది" అంటారు. అది సగం జవాబే. ఇలా అడగండి: "ఒడిశా ఆయుష్మాన్ కార్డు మీద, మోకీలు మార్పిడి, మీ దగ్గర చేస్తారా?" కొన్ని ఆసుపత్రులు కొన్ని విభాగాలకే పథకంలో చేరి ఉంటాయి. కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయిస్తారు. పథకం టోల్‌ఫ్రీ నంబరు 14555లో కూడా అడగొచ్చు. ఒక మాట గుర్తుంచుకోండి: పథకం కింద చేర్చుకున్న రోగి దగ్గర ప్యాకేజీలో ఉన్నవాటికి డబ్బు తీసుకోకూడదు. అడ్మిషన్‌కు 3 రోజుల ముందు పరీక్షలు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు కూడా అందులోవే.

పథకం వర్తించకపోయినా, మీరు ప్రైవేటు పాలసీతోనే వెళ్లదలిచినా, కింది అంచెలన్నీ మీకే.

2. పాలసీలో ఈ చోట్లు వెతికి చదవండి

మొత్తం చదవక్కర్లేదు. ఎవరూ చదవరు కూడా. ఇవి మాత్రం పెన్నుతో గీత గీసి పెట్టుకోండి.

*వెయిటింగ్ పీరియడ్.* పాలసీ తీసుకున్నాక మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప డబ్బు రాదు. హెర్నియా, శుక్లం, రాళ్లు, మొలలు, గర్భసంచి, మోకీలు లాంటి వాటికి విడిగా ఒక జాబితా ఉంటుంది. చాలా పాలసీల్లో రెండేళ్లు, కొన్నిటిలో మూడేళ్లు ఆగాలి. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలు. గడువు తీరడానికి నెలో రెండు నెలలో ఉందనుకోండి, డాక్టరు ఆగొచ్చంటే ఆగండి. ఒక్క వారం ముందు చేయించుకున్నా పైసా రాదు.

*గది అద్దె పరిమితి.* దీని దెబ్బ ఏమిటో 5వ అంచెలో లెక్క వేసి చూపిస్తాను.

*ఆపరేషన్‌కు విడి పరిమితి.* ఉదాహరణకు అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మే ఆరోగ్య సంజీవని పాలసీలో శుక్లానికి ఒక కంటికి బీమా మొత్తంలో 25 శాతం లేదా 40 వేలు, ఏది తక్కువైతే అది. మీ పాలసీ 5 లక్షలదైనా అంతే. ఎక్కువ ధర లెన్సు వేయించుకుంటే తేడా మీదే. రోబో సర్జరీకీ కొన్ని పాలసీల్లో ఇలాంటి పరిమితే ఉంటుంది. "రోబోతో చేస్తే నొప్పి తక్కువండీ" అని కౌంటర్లో అనగానే తల ఊపకండి.

*కో-పే.* ప్రతి బిల్లులో మీ వాటా. ఆరోగ్య సంజీవనిలో 5 శాతం. పెద్దవాళ్ల పాలసీల్లో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. మన వైపు వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి: జోన్. చిన్న ఊరి చిరునామాతో తక్కువ ప్రీమియం కట్టి పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే కొన్ని పాలసీలు అదనపు కో-పే కోస్తాయి. రాయగడ చిరునామాతో పాలసీ తీసుకుని హైదరాబాద్ వెళ్లేవాళ్లు దీన్ని ముందే ఫోన్ చేసి అడగాలి.

సరిచూసుకోండి: కంపెనీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి, ఆపరేషన్ పేరు, ఊరు చెప్పి ఈ విషయాలన్నీ అడగండి. తర్వాత అవే ప్రశ్నలు ఈమెయిల్లో పంపండి. ఫోన్లో చెప్పిన మాట రేపు ఎవరూ ఒప్పుకోరు.

3. ఆసుపత్రిని ఖాయం చేసేముందు

నెట్‌వర్క్ జాబితాలో, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల జాబితాలో, ఉందా అన్నది అందరూ చూస్తారు. జాబితా పాతది కావచ్చు కాబట్టి కంపెనీకీ, ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కుకూ ఫోన్ చేయండి. ఇద్దరూ అవునంటేనే అవును.

చాలామంది చూడనిది రెండో జాబితా. క్లెయిమ్‌లు ఇవ్వబోమని కంపెనీలు కొన్ని ఆసుపత్రులను పక్కన పెడతాయి. అక్కడ తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్‌కు రీయింబర్స్‌మెంట్ (ముందు మనం కట్టి, తర్వాత కంపెనీ నుంచి తిరిగి తీసుకునే డబ్బు) కూడా రాదు. ఆ జాబితా కంపెనీ వెబ్‌సైట్లో ఉంటుంది.

దగ్గర్లోని చిన్న నర్సింగ్ హోంలో చేయించుకుందామనుకుంటే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. పాలసీల ప్రకారం ఆసుపత్రి అంటే ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి. లేకపోతే 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, అంతకన్నా పెద్ద ఊళ్లో 15 పడకలు ఉండాలి, రాత్రీపగలూ నర్సులు, డాక్టరు, సొంత ఆపరేషన్ థియేటర్ ఉండాలి. బయట నుంచి వచ్చే సర్జన్ ఫీజు కూడా ఆసుపత్రి బిల్లులోనే రావాలి. "డాక్టరుగారికి విడిగా ఇచ్చేయండి" అంటే అక్కడ జాగ్రత్తపడండి. చాలా పాలసీల్లో ఆ డబ్బు తిరిగి రావడం కష్టం.

మీకు నచ్చిన ఆసుపత్రి నెట్‌వర్క్‌లో లేకపోతే ఆశ వదులుకోనక్కర్లేదు. 2024 జనవరి నుంచి నెట్‌వర్క్ బయట కూడా క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం) అడిగే వీలుంది. తేదీ పెట్టుకున్న ఆపరేషన్ అయితే కనీసం 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి, ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. ఆ రెండో దగ్గరే ఎక్కువగా బెడిసికొడుతుంది, కాబట్టి ప్రత్యామ్నాయంగా డబ్బు సిద్ధం చేసుకోండి.

4. ఎస్టిమేట్ కాగితం మీద తీసుకోండి

"సుమారు లక్షన్నర అవుతుందండీ" అన్నది ఎస్టిమేట్ కాదు. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఇవి విడివిడిగా ఉండాలి: గది రోజుకు ఎంత, ఎన్ని రోజులు, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, ఇంప్లాంట్ (ఒంట్లో అమర్చే కృత్రిమ భాగం) పేరు, ధర, మందులు, పరీక్షలు, ఐసీయూ అవసరమైతే రోజుకు ఎంత.

ప్యాకేజీ అని చెబితే వెంటనే అడగాల్సిన ప్రశ్న: "ప్యాకేజీలో లేనివి ఏమిటి?" అదనపు రోజులు, ఇంప్లాంట్, రక్తం, ఫిజియోథెరపీ, షుగరు డాక్టరు విజిట్లు సాధారణంగా బయట ఉంటాయి. మోకీలు ఇంప్లాంట్లకు 2017 ఆగస్టు నుంచి ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది. అందువల్ల ఏ కంపెనీది, ఏ రకం అని పేరు రాయించుకోండి. "ఇంపోర్టెడ్" అన్న ఒక్క మాటతో సరిపెట్టనివ్వకండి.

5. కూర్చుని మీ వాటా లెక్క వేయండి

తెలియక జరిగే నష్టంలో పెద్దది గది దగ్గరే. బీమా 3 లక్షలు, గది అద్దె పరిమితి రోజుకు 1 శాతం, అంటే 3,000 అనుకుందాం. కో-పే 10 శాతం. మీరు 5,000 గది తీసుకున్నారు. "రోజుకు రెండు వేలే కదా తేడా, నాలుగు రోజులకు ఎనిమిది వేలు, మనమే పెట్టుకుందాం" అనుకుంటారు.

బిల్లు ఇలా వచ్చింది:

- గది, 4 రోజులు: 20,000
- సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్: 80,000
- ఇంప్లాంట్, మందులు, పరీక్షలు: 70,000
- గ్లోవ్స్, కిట్లు, వాకర్ వగైరా: 10,000
- మొత్తం: 1,80,000

కంపెనీ లెక్క వేరు. గదికి 12,000 ఇస్తుంది. అయిదు వేల గదిలో మూడు వేలకే అర్హత ఉంది కాబట్టి, అంటే 60 శాతం, సర్జన్ నుంచి నర్సింగ్ దాకా ఉన్న 80,000లో కూడా 60 శాతమే, 48,000 ఇస్తుంది. ఇంప్లాంట్, మందులు, పరీక్షల 70,000కు ఈ కోత వేయకూడదు. చివరి 10,000కు ఏమీ రాదు. కలిపితే 1,30,000. అందులో 10 శాతం కో-పే 13,000 పోతే 1,17,000. మీ చేతి నుంచి 63,000.

మిగతావన్నీ అలాగే ఉండి 3,000 గదే తీసుకుని ఉంటే? బిల్లు 1,72,000. అందులో 10,000 పోగా 1,62,000, దానిపై కో-పే 16,200. మీ వాటా 26,200. ఎనిమిది వేల తేడా అనుకున్నది 36,800 అయింది. నిజానికి తక్కువ గదిలో సర్జన్ ఫీజు కూడా తగ్గుతుంది కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది.

రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. ఐసీయూ చార్జీలకు ఈ దామాషా కోత వేయకూడదు. గదిని బట్టి ఫీజులు మార్చని ఆసుపత్రుల్లోనూ వేయకూడదు. కోత పడితే ఈ రెండూ అడగండి.

ఆసుపత్రిలో "మీ గది ఖాళీ లేదు, ఒక్క రోజు డీలక్స్‌లో ఉండండి" అంటారు. అప్పుడు మీ అర్హత గది లేదని, మీ అర్హత గది రేటే వేస్తామని రాసివ్వమనండి. రాసివ్వకపోతే జనరల్ వార్డయినా సరే, తేదీ మార్చుకున్నా సరే. ఎలాగూ తొందరలేని ఆపరేషనే కదా.

ఇక ఆ 10,000 సంగతి. కంపెనీ డబ్బు ఇవ్వక్కర్లేని వస్తువులంటూ 68 పేర్ల జాబితా ఒకటి ఉంది. డైపర్లు, క్రేప్ బ్యాండేజీ, పొట్ట బెల్టు, మోకాలి బ్రేసు, వాకర్, గ్లోవ్స్, మాస్కులు, ఆక్సిజన్ మాస్కు, తోడున్నవాళ్ల తిండి, సర్‌చార్జి అన్నీ అందులో ఉన్నాయి. వివరాలు రాయని ఏ "కిట్" అయినా అందులోదే. వాకర్, బెల్టు, డైపర్లు ముందే బయట కొనుక్కుని తీసుకెళ్తే సగం ధరకు వస్తాయి. కిట్ అని బిల్లులో ఉంటే లోపల ఏమున్నాయో విడగొట్టి రాయమనండి. విడగొడితే కొన్నిటికి డబ్బు వస్తుంది. ఈ వస్తువులు కూడా కలిసే అదనపు కవర్ కొన్ని పాలసీల్లో ఉంటుంది, మీదాంట్లో ఉందేమో చూడండి.

6. క్యాష్‌లెస్ దరఖాస్తు, జబ్బు చరిత్ర

దరఖాస్తు ఇన్సూరెన్స్ డెస్కువాళ్లు పంపుతారు. గంటలోపు జవాబు ఇవ్వాలన్నది 2024లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన నిబంధన. అయినా అడ్మిషన్ రోజు పొద్దున పంపించకండి, వారం ముందే పంపించండి. అప్రూవల్‌కు గడువుంటుంది కాబట్టి ఆపరేషన్ వాయిదా పడితే మళ్లీ తీసుకోవాలి.

క్లెయిమ్‌లు చెడేది ఎక్కువగా ఒక చిన్న గడి దగ్గర: "జబ్బు ఎప్పటి నుంచి?" హడావిడిలో డ్యూటీ డాక్టరు అడుగుతారు, పెద్దావిడ "ఎప్పట్నుంచో ఉంది బాబూ" అంటుంది, ఆయన పదేళ్లు అని రాసేస్తారు. బరంపురంలోనో భువనేశ్వర్‌లోనో అయితే ఆ మాట ఇంకొకరి నోటి మీదుగా ఒడియాలోకి వెళ్లి మరో రకంగా తేలుతుంది. నాలుగేళ్ల పాలసీ, పదేళ్ల షుగరు, ప్రపోజల్లో (పాలసీ కోసం నింపిన దరఖాస్తులో) షుగరు ప్రస్తావన లేదు: కంపెనీకి ఇంతకన్నా ఏం కావాలి?

అందుకే మొదటి చీటీ తేదీ చూసి, ఎప్పుడు బయటపడిందో ఒక కాగితం మీద రాసి డాక్టరుకివ్వండి. అబద్ధం రాయించమని కాదు. ఉన్న జబ్బు దాచకండి, దాచితే పాత చీటీల్లో బయటపడుతుంది. తప్పుగా పడిన ఏళ్లను మాత్రం ఆసుపత్రిలో ఉండగానే డాక్టరు సంతకంతో దిద్దించుకోండి. డిశ్చార్జి అయ్యాక దిద్దిస్తే అనుమానిస్తారు. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిచి ఉంటే, మోసం రుజువైతే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు.

సరిచూసుకోండి: మొదటి అప్రూవల్ ఎంతకు వచ్చిందో చూడండి. లక్షన్నర ఎస్టిమేట్‌కు అరవై వేలు మంజూరైందంటే కంగారు పడనక్కర్లేదు, అది మొదటి విడతే కావచ్చు. "అప్రూవల్ వచ్చేసింది, ఇక టెన్షన్ లేదు" అనుకోవడం కూడా తప్పే. ఎందుకు తక్కువ వచ్చిందో లెటర్లో చదవండి.

7. అడ్మిషన్ రోజు

సంతకాలు పెట్టమనే కాగితాల్లో "కంపెనీ ఇవ్వని మొత్తం నేనే కడతాను" అన్నది ఉంటుంది. సంతకం తప్పదు, కానీ గది తరగతి గడి ఖాళీగా ఉండగా పెట్టకండి. అడ్వాన్సు కడితే రసీదు తీసుకోండి. ఒక చికిత్సకు 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఆసుపత్రికి కుదరదు, కాబట్టి యూపీఐ, కార్డు, చెక్కు ఏర్పాటు చూసుకుని వెళ్లండి. రోజూ సాయంత్రం అప్పటిదాకా అయిన బిల్లు అడగండి. విసుక్కున్నా ఇస్తారు.

8. డిశ్చార్జి రోజు

డాక్టరు పొద్దున పదికి "వెళ్లొచ్చు" అంటారు. గుణుపురం బండి దొరుకుతుందని లెక్కేసుకుంటారు. సాయంత్రం దాకా ఫైలు కదలదు. ఆసుపత్రి నుంచి తుది అభ్యర్థన అందిన మూడు గంటల్లో కంపెనీ అనుమతి ఇవ్వాలి. ఆలస్యమై అదనపు చార్జీ పడితే అది కంపెనీయే భరించాలి. అయితే ఆ మూడు గంటలు లెక్కకు వచ్చేది ఆసుపత్రి పంపిన క్షణం నుంచి. అందువల్ల డెస్కు దగ్గర అడగాల్సింది "అప్రూవల్ వచ్చిందా?" అని కాదు. "మీరు ఎన్ని గంటలకు పంపారు?" అని. పంపనే లేదని చాలాసార్లు అప్పుడే తెలుస్తుంది. వీలుంటే ముందు రోజు సాయంత్రమే బిల్లు, డిశ్చార్జి సమ్మరీ తయారు చేయించండి.

బిల్లు చేతికొచ్చాక:

- ఎన్ని రోజులు గది వేశారో వేళ్ల మీద లెక్కపెట్టండి.
- తిరిగిచ్చిన మందులు తగ్గించారా చూడండి.
- డాక్టరు విజిట్లు రోజుకు ఎన్ని వేశారో చూడండి.
- ఫైలు చార్జీ, అడ్మిషన్ కిట్, రోగి చేతికి కట్టే పట్టీ లాంటివి గది అద్దెలోనే కలిసి ఉండాల్సినవి. విడిగా వేస్తే కంపెనీ కోస్తుంది, భారం మీ మీద పడుతుంది. తీసేయమనండి.
- కంపెనీతో ఒప్పుకున్న రేటు కన్నా ఎక్కువ వేసినందుకు కోత పడితే ఆ తేడా నెట్‌వర్క్ ఆసుపత్రి మీ దగ్గర వసూలు చేయకూడదు. అడిగితే అక్కడి నుంచే కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టండి. చాలా వాదనలు అక్కడితో ఆగిపోతాయి.

బిల్లు గొడవ తేలలేదని రోగిని ఆపి ఉంచే హక్కు ఆసుపత్రికి లేదు. వివాదం ఉందని బిల్లు మీద రాసి, డబ్బు కట్టి, రసీదు తీసుకుని వచ్చేసి తర్వాత పోరాడటం మంచిదని నా అభిప్రాయం. ఆపరేషన్ అయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి వాదించడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

9. డబ్బు కట్టి వచ్చి తిరిగి తీసుకోవాలంటే

క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిమ్ పోయినట్టు కాదు. రీయింబర్స్‌మెంట్ దారి ఉంటుంది. అసలు కాగితాలు పంపేముందు ప్రతి పేజీ ఫొటో తీసుకోండి. కావాల్సినవి: క్లెయిమ్ ఫారం, డిశ్చార్జి సమ్మరీ, విడివిడి వివరాలున్న బిల్లు, డబ్బు కట్టిన రసీదులు, మందుల బిల్లులు వాటి చీటీలతో సహా, రిపోర్టులు, ఇంప్లాంట్ బిల్లు, దాని పెట్టె మీది స్టిక్కర్. స్టిక్కర్ అడగడం మర్చిపోతే తర్వాత ఆసుపత్రి చుట్టూ తిరగాలి.

క్యాష్‌లెస్ అయినవాళ్లూ ఇది చదవాలి. ఆపరేషన్‌కు ముందు చేసిన స్కానింగులు, తర్వాతి మందులు, ఫిజియోథెరపీ విడిగా క్లెయిమ్ చేసుకోవచ్చు. ఆరోగ్య సంజీవనిలో ముందు 30 రోజులు, తర్వాత 60 రోజులు. కొన్ని పాలసీల్లో ఇంకా ఎక్కువ. ఈ డబ్బు అడగకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. పర్లాకిమిడి మందుల షాపులో కొన్నవి కూడా పనికొస్తాయి, రోగి పేరు, తేదీ, డాక్టరు పేరు ఉన్న పక్కా బిల్లు ఉండాలంతే.

ఉద్యోగం ద్వారా ఒక పాలసీ, సొంతంగా ఇంకొకటి ఉంటే మొదటిది ఇవ్వగా మిగిలింది రెండోదాంట్లో అడగొచ్చు. మొదటి కంపెనీ సెటిల్‌మెంట్ లెటర్ జత చేయాలి.

10. కోసినా, కాదన్నా

ముందు లెటర్లో ఏ షరతు కింద కోశారో చూడండి. షరతు నంబరు రాయకపోతే రాసిమ్మని అడగండి. దాన్ని పాలసీ పీడీఎఫ్‌లో అదే నంబరుతో పోల్చండి. తర్వాత వరుసగా:

కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్. ఒక్కో కోతకు ఒక్కో పేరా, దానికి రుజువు. కోపం, శాపనార్థాలు వద్దు. అక్కడ పని కాకపోతే బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన బీమా భరోసా పోర్టల్, లేదా 155255కు ఫోన్.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి. ఒడిశాలో ఉండేవాళ్లకు కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది. ఆపరేషన్ విశాఖలో జరిగినా మీ నివాసాన్ని బట్టి అక్కడే వేయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వేయాలి. ఆన్‌లైన్లోనూ వేయొచ్చు. వినియోగదారుల కమిషన్ ఇంకో దారి, అక్కడ కూడా మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఆలస్యంగా ఇచ్చిన క్లెయిమ్‌కు బ్యాంకు రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ అడగండి. అడగకుండా వేసేవాళ్లు తక్కువ.

రెండో మోకాలు, రెండో కన్ను ఉంటే

మొదటిదానికే బీమా మొత్తం చాలావరకు అయిపోతే, డాక్టరు ఒప్పుకుంటే, రెండోది రెన్యువల్ తేదీ దాటాక పెట్టుకోండి. కొత్త ఏడాదికి మొత్తం మళ్లీ నిండుతుంది. అయిపోయిన మొత్తం మళ్లీ నిండే సదుపాయం ఉందని ఏజెంటు చెబితే, అదే జబ్బుకు కూడా వర్తిస్తుందా అని అడగండి. కొన్ని పాలసీల్లో వర్తించదు. క్లెయిమ్ చేశారన్న కారణంతో కంపెనీ రెన్యువల్ కాదనకూడదు, కానీ ప్రీమియం తేదీ మీరు దాటించకండి. గడువుకు వారం ముందే కట్టి, కొత్త పాలసీ కాపీలో గది పరిమితి, కో-పే మారాయేమో చూసుకున్నాకే రెండో ఆపరేషన్‌కు తేదీ అడగండి.